కిలోకి తొమ్మిది వందల గ్రాములు

నేను ఒక స్ప్రింగు కాటాని. పైన పట్టుకోవడానికి ఉంగరం, కింద సరుకు తగిలించడానికి కొక్కెం, మధ్యలో అరచేతంత ఇత్తడి పలక, దాని మీద అంకెలు, అంకెల మీద తిరిగే ముల్లు. అంతే నేను. మనుషులకి మా జాతి మీద వల్లమాలిన గౌరవం. న్యాయం అనగానే త్రాసు బొమ్మ గీస్తారు. ఆ బొమ్మ కంటపడినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. మాకు న్యాయం ఏం తెలుసు? బరువు తగిలిస్తే సాగుతాం, దింపేస్తే ముడుచుకుంటాం. నా మటుకు నాకు బాగా తెలిసింది భయం ఒక్కటే. మాడుగులలో జగ్గారావుగారి ఇంట్లో, తలుపులు మూసి ఫ్యాను ఆపేసిన చిన్న గదిలో, పన్నెండు రోజులు నేను పడిన భయం పగవాడికి కూడా వద్దు.

నన్ను రాజమండ్రి దగ్గర ఒక రేకుల షెడ్డులో చేశారు. స్ప్రింగు చుట్టినవాడు వేరు, అంకెలు కొట్టినవాడు వేరు. చివరికి ఒక సన్నటి మనిషి నన్ను మేకుకి వేలాడదీసి, కిలో రాయి, రెండు కిలోల రాయి, ఐదు కిలోల రాయి వరసగా తగిలించి చూశాడు. ముల్లు ఎక్కడ నిలవాలో అక్కడే నిలిచింది. ఆయన తలాడించి నా మెడ దగ్గర సీసం ముద్ర వేయించాడు. ఆ రోజు నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. నిజం చెప్పడం ఇంత తేలికా అనుకున్నాను.

జగ్గారావుగారు నన్ను కొన్నప్పుడు ఆయనకి ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. కొండ దిగువన మాడుగులలో ఇల్లు, కొండ మీద గుమ్మలపాడు సంతలో వ్యాపారం. ప్రతి గురువారం జీపెక్కి వెళ్ళేవారు. కొండవాళ్ళు పది పన్నెండు కిలోమీటర్లు నడిచి చింతపండు, పసుపు, పిప్పళ్ళు మోసుకొచ్చేవారు. ఆయన కొనేవారు, నేను తూచేదాన్ని. మొదటి రెండేళ్ళు సరిగ్గానే తూచాను.

సరుకు ఎండితే బరువు తగ్గుతుందని వ్యాపారులు తూకంలో కొంత తీసేస్తారు. దాన్ని తరుగు అంటారు. అది పైకి చెప్పి, బతిమాలించుకుని తీసే తరుగు. పక్క వ్యాపారులు దానితో ఊరుకోలేదు, జగ్గారావుగారూ ఊరుకోలేదు. ఒకరోజు నన్ను గుడ్డలో చుట్టి, స్టవ్వులు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నా వీపు విప్పి, స్ప్రింగులో కొన్ని చుట్లు కోసేసి, ముల్లుని మళ్ళీ సున్నా మీద నిలబెట్టి, వీపు మీద మాటు వేసి మూసేశాడు. పొట్టి స్ప్రింగు బిగుసుగా ఉంటుంది, అంత తేలిగ్గా సాగదు. ఆ రోజు నుంచి కిలో తగిలిస్తే తొమ్మిది వందల గ్రాములే చూపించాను. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ముల్లు సున్నా మీద బుద్ధిగా కూర్చుని ఉండేది. చూసినవాళ్ళకి అనుమానం ఎలా వస్తుంది?

ఆయన చెడ్డమనిషని మీరు అనుకుంటారేమో. సంతలో పిల్లలకి మరమరాలు పంచేవారు. నడిచొచ్చిన ఆడవాళ్ళకి ముందు టీ తెప్పించి, తర్వాత తూచేవారు. టీ తాగుతూ వాళ్ళు ఆయన్ని దీవించేవారు. నేను ఆయన చేతిలో వేలాడుతూ, ఎవరైనా ఇంట్లో తూచుకుని వచ్చారేమో, ఇప్పుడే అడుగుతారేమో అని వణికేదాన్ని. పంతొమ్మిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. వాళ్ళ ఇళ్ళలో కాటాలు లేవు.

తర్వాత కరెంటు కాటాలు వచ్చాయి. నన్ను అటకెక్కించారు. పాత గొడుగు, పగిలిన హరికేన్ లాంతరు, నేను. అటక మీద నుంచి ఇంట్లో మాటలన్నీ వినపడతాయి. ఆ ఇంటికి జబ్బు వచ్చిన సంగతి నేను అలా విన్నాను.

ఆయనకి షుగరు ఎప్పుడో నలభై ఐదో ఏటే బయటపడింది. పదేళ్ళకి మూత్రంలో నురగ రావడం మొదలైంది. అనకాపల్లిలో డాక్టరు విడమరిచి చెప్పాడట. కిడ్నీల్లో జల్లెడ ఉంటుంది, షుగరు దాన్ని పాడుచేస్తోంది, విలువైన మాంసకృత్తులు కారిపోతున్నాయి అని. ఒక బీపీ మాత్ర రాసి, ఇది బీపీ కోసమే కాదు, కిడ్నీకి కాపలా అన్నాడట. ఇంకొక కొత్త మాత్ర రాసి, ఇది ఒంట్లో షుగరుని మూత్రంలోకి పంపేసి కిడ్నీ మీద భారం తగ్గిస్తుంది అన్నాడట. ఉప్పు తగ్గించమన్నాడు, మోకాళ్ళ నొప్పికి వేసుకునే గోలీలు మానెయ్యమన్నాడు. ఇన్ని దారులు అప్పుడు తెరిచే ఉన్నాయి.

జగ్గారావుగారు అన్నిటికీ తల ఊపి ఇంటికొచ్చారు. వచ్చి ఆయన అలవాటు ప్రకారం బేరం మొదలుపెట్టారు. రెండు మాత్రలు రాస్తే ఒకటి వేసుకున్నారు. ఒకటి రాసినదాన్ని సగానికి విరిచారు. "బీపీ సరిగ్గానే ఉన్నాది కదే, ఇంకా మాత్రెందుకు?" అని ఆయన అడిగితే, భార్య నూకరత్నంగారు "డాక్టరు కన్నా మీకెక్కువ తెలుసా ఏటండీ?" అనేవారు. "ఆళ్ళు ఎప్పుడూ కొంచెం ఎక్కువే రాస్తారే. మనం కొంచెం తగ్గించుకోవాల" అనేవారాయన. కాపలా ఉండాల్సిన మాత్ర డబ్బాలో ఉండిపోయింది, నొప్పి గోలీలు మాత్రం పూర్తిగా పొట్టలోకి వెళ్ళాయి. అటక మీద నేను వింటూనే ఉన్నాను. విని ఏం చేయగలను?

అరవై మూడో ఏట ఒక ఉదయం ఆయనకి ఊపిరి అందలేదు. కాళ్ళు ఉబ్బిపోయాయి, పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉందని లేచి కూర్చున్నారు. విశాఖపట్నం తీసుకెళ్ళారు. ఇరవై రోజులకి తిరిగొచ్చారు. ఆ పాటికే షుగరు కళ్ళు కూడా చాలావరకు తీసేసుకుంది. ఎదుటి మనిషి నీడలా తప్ప కనపడరు.

వాళ్ళ వెనకే సుమిత్ర అనే నర్సు వచ్చింది. ఆసుపత్రి తరఫున ఇళ్ళకి వచ్చి నేర్పే అమ్మాయి. మంచి నిబ్బరమైన గొంతు. ఆవిడ కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది, అటక మీద నాక్కూడా అర్థమయ్యేలా.

"కిడ్నీలు పదింట ఒక వంతు కూడా పనిచెయ్యడం లేదండి. ఇప్పుడు దారులు నాలుగు. కిడ్నీ మార్చడం ఒకటి. అమ్మగారు తనది ఇస్తానన్నారు, కానీ ఆవిడకీ షుగరే కాబట్టి డాక్టరుగారు వద్దన్నారు. మెషీను మీద రక్తం కడగడం రెండోది. వారానికి మూడుసార్లు వైజాగు రావాలి, నాలుగేసి గంటలు. మూడోది పొట్ట ద్వారా చేసేది, ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏదీ వద్దు, మందులతో బాధ తగ్గించుకుని ఉన్నన్నాళ్ళు ఉంటాం అన్నా అదీ ఒక దారే. ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు."

జగ్గారావుగారికి మెషీనంటే చచ్చేంత భయం. ఆయన వ్యాపారపు స్నేహితుడొకడు దాని మీద ఉండగానే కళ్ళు తేలేస్తే, ఆ గోలంతా ఆసుపత్రిలో పక్క మంచం నుంచి విన్నారు. చూపు లేదు కాబట్టి విన్నది ఇంకా పెద్దదైంది. "పొట్టదే పెట్టండమ్మా. రత్నం సేస్తాది" అన్నారు. 

నూకరత్నంగారు నర్సుకి టీ ఇస్తూ "ఏ ఊరు పాపా మీది? ఇంటిపేరేటి?" అని అడిగారు. "పాంగివాళ్ళమండి. గుమ్మలపాడు పైన, రెండు కొండలవతల." జగ్గారావుగారు ఉన్నట్టుండి మంచినీళ్ళు అడిగారు.

ఆ వారమే విశాఖపట్నంలో పొట్టకి గొట్టం అమర్చి పంపారు. అలా మొదలైంది. రోజుకి నాలుగుసార్లు. నూకరత్నంగారు తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మూతికి గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు. గొట్టంలోకి క్రిమి దూరిందంటే పొట్టంతా చీము పడుతుందని నర్సు చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచి ఆవిడకి గాలి అన్నా భయమే. రెండు లీటర్ల మందునీళ్ళ సంచిని వెచ్చచేసి, గోడ మేకుకి వేలాడదీసి, పొట్టలోకి వదిలేవారు. లోపల పేగుల చుట్టూ ఉన్న పల్చని పొర మీదుగా ఒంట్లోని మలినం, ఎక్కువైన నీరు ఆ మందునీళ్ళలోకి వస్తాయి. కొన్ని గంటలయ్యాక దాన్ని ఖాళీ సంచిలోకి దింపి, ఆ సంచిని తూచాలి. రెండు లీటర్లు పోస్తే రెండుంపావు రావాలి. ఆ పావు ఆయన ఒంట్లోంచి తీసిన నీరు. రోజు మొత్తానికి లీటరుకి తగ్గకుండా రావాలని డాక్టరు లెక్క.

తూచడానికి ఆసుపత్రివాళ్ళు ఒక చిన్న తెల్ల కాటా ఇచ్చారు. ఐదు నెలలు అది చక్కగా చేసింది. నూకరత్నంగారు దింపిన సంచిని న్యూస్ పేపరు మీద పెట్టి, దాని లోంచి అక్షరాలు కనిపిస్తున్నాయా అని చూసేవారు. కనిపిస్తే నీరు తేటగా ఉన్నట్టు. ఒక్కోసారి వార్త కూడా చదివి వినిపించేవారు. ఆయన ముఖంలో వాపు దిగింది. అరుగు మీద కూర్చుని పక్కింటివాళ్ళతో కబుర్లు కూడా చెప్పేవారు.

ఆషాఢంలో ఒకరోజు తెల్ల కాటా ఆవిడ తడిచేతిలోంచి జారి రాయి మీద పడింది. ముల్లు ఊడిపోయింది. ఆవిడ చాలాసేపు దాన్ని చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. చెబితే ఆయన కంగారుపడతారు. నర్సుకి చెబితే ఇంకోటి వచ్చేదాకా తూకం ఎలాగని అడుగుతుంది. ఆవిడకి నేను గుర్తొచ్చాను.

స్టూలు వేసుకుని నన్ను దింపి, చింతపండుతో తోమి, వేడినీళ్ళతో కడిగి, తుడిచి, గదిలో మేకుకి తగిలించారు. ముల్లు సున్నా మీద ఉంది. "బంగారం లాంటి కాటా, ఇన్నాళ్ళూ అటకెక్కించారు" అనుకున్నారు ఆవిడ. ఇంటికి ఇన్నేళ్ళు అన్నం పెట్టిన కాటా అని కళ్ళకద్దుకున్నారు కూడా.  అమ్మా, నన్ను నమ్మకమ్మా అని అరవాలనిపించింది. ఆ మొదటి సంచి నా కొక్కానికి ఎక్కింది. లోపల ఉన్నది రెండు కిలోల నూట యాభై. నేను చూపించింది వెయ్యిన్నీ తొమ్మిది వందల ముప్ఫై ఐదు.

 పోసినదాని కన్నా తక్కువ వచ్చింది. మిగతాది ఆయన ఒంట్లోనే ఉండిపోయిందని కదా అర్థం? మళ్ళీ తూచారు. అదే అంకె. నన్ను మేకు మీద నుంచి తీసి చేత్తో పట్టుకుని తూచారు. అదే అంకె. నేను అబద్ధాన్ని కూడా తడబడకుండా చెప్పేదాన్ని.

మర్నాడు నర్సుకి ఫోను చేశారు. కాటా మారిన సంగతి మాత్రం నూకరత్నంగారు చెప్పలేదు. కాటా ఏదైతేనేం, కిలో కిలోయే కదా అని ఆవిడ అభిప్రాయం. సుమిత్ర డాక్టరుని అడిగి, రోజుకి ఒక ఘాటు సంచి వెయ్యమంది. ఆ సంచిలో చక్కెర ఎక్కువ ఉంటుంది, ఒంట్లోంచి నీటిని గట్టిగా లాగుతుంది. దాంతో రెండు కిలోల మూడు వందలు వచ్చింది. నేను రెండు వేల డెబ్భై చూపించాను. డెబ్భై గ్రాములే అయినా ముల్లు రెండు కిలోలు దాటింది కదా అని ఆవిడ ఆశపడి, ఎవరినీ అడక్కుండా నాలుగు సంచులూ ఘాటువే వెయ్యడం మొదలుపెట్టారు. తాగేనీళ్ళు కూడా తగ్గించేశారు. ఆయన దాహం అంటే తడిగుడ్డతో పెదాలు తుడిచేవారు.

భయంలో మనుషులు ఎంత శ్రద్ధగా తప్పు చేస్తారో నేను అక్కడే చూశాను. ఆయన బీపీ తొంభైకి దిగింది. ఇన్నేళ్ళూ బీపీ తగ్గాలని అందరూ చెప్పారు కాబట్టి ఆవిడ సంతోషించి దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. షుగరు మూడు వందల ఇరవై దాటింది. అది ఘాటు సంచిలోని చక్కెర. ఆవిడ మాత్రం ఆయన దొంగచాటుగా ఏదో తింటున్నారని దిండు కింద, బట్టల అలమరలో బిస్కెట్ల కోసం వెతికారు. "నేనేటీ తిన్నేదే, ఒట్టు" అన్నారు ఆయన. ఆవిడ నమ్మలేదు. ఆయన పిక్కలు పట్టేసి మెలికలు తిరిగిపోయేవారు. నాలిక అట్టకట్టింది. లేచి నిలబడితే గది గిర్రున తిరిగేది. నీరు ఎక్కువై చచ్చిపోతానని ఆయన భయం. నా భయం అందుకు తలకిందులు. ఆయన ఎండిపోతున్నారు, నా కళ్ళముందే, నా వల్లే.

పదకొండో రోజున సుమిత్ర ఫోనులో గొంతు తగ్గించి చెప్పింది. "ఘాటు సంచులు వేసినా రావట్లేదంటే పొట్టలో పొర పని మానేసిందేమో అంటున్నారమ్మా డాక్టరుగారు. ఎల్లుండి తెల్లారేసరికి బయల్దేరి వచ్చెయ్యండి. చూసి, అవసరమైతే మెడ దగ్గర గొట్టం వేసి మెషీను మీద పెడతారు." ఆయన మంచం మీద పడుకుని విన్నారు.  దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంటూ ఉండిపోయారు.

మర్నాడు ఉదయం పదకొండు గంటల సంచి దిగాక, నూకరత్నంగారు దాన్ని పారబోయడానికి వెళ్ళారు. ఆయన ఒంటేలుకని లేచారు. లేస్తూనే కళ్ళు తిరిగి, పట్టుకోవడానికి గోడ మీద చెయ్యి ఆడించారు. ఆ చెయ్యి నా మీద పడింది.

పడిపోకుండా నన్ను గట్టిగా పట్టుకున్నారు. కాసేపటికి తల నిలదొక్కుకుంది, చెయ్యి మాత్రం వదల్లేదు. బొటనవేలు నా ముఖం మీద పాకింది, అంచు మీద పాకింది, వెనక్కి తిరిగి నా వీపు మీద మాటు దగ్గర ఆగింది. అక్కడే ఆగిపోయింది. ఆయన ఊపిరి నాకు వినిపించింది. పొట్టిగా, వేగంగా. ఆ వేలికి నేను తెలుసు. ప్రపంచంలో నా సంగతి తెలిసిన వేలు అదొక్కటే మిగిలింది.

ఆవిడ అడుగుల చప్పుడు వినపడగానే ఆయన నన్ను వదిలేసి మంచం మీద కూర్చున్నారు. "ఏటండీ అలగున్నారు?" "ఏం నేదు." అంతే.

పదకొండు నుంచి నాలుగు దాకా ఆయన ఆ మాట నోట్లోనే పెట్టుకుని పడుకున్నారు. నాకైతే ప్రాణం పోతున్నట్టుగా ఉంది. చెప్పండి బాబూ, చెప్పండి, నాలుగింటికి ఇంకో ఘాటు సంచి లోపలికి వెళ్తే మీరు తట్టుకోలేరు. కానీ ఆ మనిషికి ఇంట్లో ఒక్కటే మిగిలింది, భార్య దృష్టిలో పరువు. చూపు పోయింది, వ్యాపారం పోయింది, ఒంట్లో నీటి మీద కూడా పెత్తనం పోయింది. ఆ ఒక్కటీ కూడా వదులుకోవాలా? రెండుసార్లు "రత్నం" అని పిలిచి, ఆవిడ వస్తే "దాహం" అన్నారు. ఆవిడ తడిగుడ్డ తెచ్చారు.

నాలుగైంది. ఆవిడ తలుపులు మూశారు, ఫ్యాను ఆపారు, చేతులు కడుక్కున్నారు. వెచ్చచేసిన ఘాటు సంచిని మేకుకి తగిలించారు. గొట్టం మూత తియ్యబోతుండగా ఆయన చెయ్యి గాలిలోకి లేచింది.

"ఆగు. ఉప్పు ప్యాకెట్టు తే."

"ఉప్పెందుకండీ? మీరు ఉప్పు తినకూడదు కదా."

"తినడానిక్కాదు. కిలోది, సీలు తియ్యనిది. ఆ కాటాకి తగిలించు."

ఆవిడ విసుక్కుంటూనే తెచ్చి, సంచిలో వేసి తగిలించారు. ముల్లు తొమ్మిది వందల దగ్గర నిలిచింది. ఆవిడ ఒక్కసారి భగ్గుమన్నారు. "సూశారా ఆ కొట్టోడి పని! కిలోకి వంద గ్రాములు నొక్కేశాడు! ఇప్పుడే ఎల్లి అడుగుతాను."

"కిలో పప్పు ప్యాకెట్టు తే."

అదీ తొమ్మిది వందలే. "ఇదీ ఇంతే! వేరే కొట్లో కొన్నాం కదండీ ఇది. ఊరంతా దొంగలేనా ఏటి?"

"ఊరు కాదే." ఆయన గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నేను."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. ఆయన గోడవైపు ముఖం పెట్టుకుని చెప్పారు. స్టవ్వు రిపేరాయన, స్ప్రింగు చుట్లు, పంతొమ్మిదేళ్ళ గురువారాలు. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయారు. టీ ముందు ఇప్పించడం ఎందుకో కూడా చెప్పారు. టీ తాగుతున్న మనిషి ముల్లు వైపు చూడదట.

నూకరత్నంగారు నేల మీద కూలబడ్డారు. మూతికి కట్టుకున్న గుడ్డ అలాగే ఉంది. ఒక్క మాట అన్నారు. "మీ పొట్టలో నీళ్ళకి కూడా తరుగు తీశారు కదండీ."

ఆయన ఏడ్చారు. ఏడిస్తే కన్నీళ్ళు కూడా సరిగ్గా రాలేదు, ఒంట్లో అంత నీరు లేదు. ఫోను తన చేతికి ఇమ్మన్నారు. ఆవిడ "నేను సెప్తాను లెండి, కాటా తుప్పు పట్టిందని సెప్తాను" అన్నారు. ఆయన ఒప్పుకోలేదు.

"పాపా, నేను జగ్గారావుని. పొర తప్పు కాదమ్మా. కాటా తప్పు. మా యావిడ నా పాత సంత కాటాతో తూచింది. అది కిలోకి వంద తగ్గించి సూపిస్తాది. నేనే అలగ సేయించాను."

 సుమిత్ర అడిగింది. "ఎన్నేళ్ళు వాడారండీ?"

"పంతొమ్మిది."

"మా యమ్మ చింతపండు మీకే పోసేదండి."

  ఆ అమ్మాయి ఫోను పెట్టేస్తుందని ఆయన అనుకున్నారు, నేనూ అనుకున్నాను. పెట్టెయ్యలేదు. 

"అమ్మగారికి ఇవ్వండి. అమ్మా, కాలి మీద వేలితో నొక్కండి. గుంట పడుతోందా? లేదా? నాలిక ఎలా ఉంది? ఆ ఘాటు సంచి తీసి పక్కన పెట్టండి, వెయ్యొద్దు. ఒక గ్లాసుడు నీళ్ళు చిన్నచిన్న గుక్కలుగా పట్టండి. పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టండి. బీపీ చూసి చెప్పండి, లైన్లోనే ఉంటాను. ఎంత? ఎనభై ఆరా? డాక్టరుగారితో మాట్లాడి ఐదు నిమిషాల్లో చేస్తాను. అనకాపల్లి ఆసుపత్రికి కారు పిలిచి పెట్టుకోండి."

ఐదు నిమిషాలు కాలేదు, నాలుగు నిమిషాలకే చేసింది. అనకాపల్లిలో ఒక రాత్రి ఉంచి సెలైను ఎక్కించారు. వాళ్ళు లేని ఆ ఇంట్లో, మేకుకి వేలాడుతూ, ఏ కబురూ తెలియక నేను గడిపిన ఆ రాత్రి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

మర్నాడు వాళ్ళతోపాటు సుమిత్ర కూడా వచ్చింది, కొత్త కాటాతో. మామూలు సంచి వేయించి, తానే దగ్గరుండి తూచింది. రెండు కిలోల రెండు వందల నలభై. పొర బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మెషీను మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన కాళ్ళు చూసింది, మాత్రల డబ్బా తెరిపించి ఒక్కొక్కటీ పేరు చెప్పి, ఏది ఎందుకో చెప్పి, సగాలుగా విరిచిన ముక్కలన్నీ చెత్తబుట్టలో వేయించింది. "ఈ పొర కూడా ఎల్లకాలం ఉండదండి. మూడేళ్ళో, ఐదేళ్ళో. అప్పుడు మెషీను గురించి మళ్ళీ మాట్లాడుకోవాలి. అంతవరకు రాసింది రాసినట్టు వేసుకోండి" అంది. తల్లి గురించి మళ్ళీ ఎత్తలేదు. ఆయన రెండుమూడుసార్లు ఏదో అనబోయారు. సుమిత్ర ప్రతిసారీ బీపీ పట్టీ బిగించింది.

వెళ్ళబోతూ నా వైపు చూసింది. "దీన్ని పాతసామాన్లవాడికి వెయ్యకండి. ఎవరో ఒకరు కొని వాడతారు" అంది.

సాయంత్రం జగ్గారావుగారు పట్టకారు తెప్పించుకున్నారు. నన్ను ఒళ్ళో పెట్టుకుని, వీపు మాటు తడిమి తడిమి ఊడదీసి, స్ప్రింగుని కొస పట్టి లాగారు. నాకు భయం వేసింది. కానీ వద్దని అనాలనిపించలేదు. అది ఒక్కసారిగా రాలేదు, ఆయన చేతుల్లో బలం లేదు. చెమటలు పట్టి, ఆగి, మళ్ళీ లాగి, మొత్తానికి తీసేశారు. నా ముల్లు జారి కిందకి వేలాడింది. ఇప్పుడు నా కొక్కానికి ఏనుగుని కట్టినా నేను ఏమీ చెప్పలేను. నన్ను ఆయన మంచం కింద, ఖాళీ మందు డబ్బాల అట్టపెట్టెలో పడేశారు. అక్కడి నుంచే మీతో మాట్లాడుతున్నాను.

ఇక్కడికి గది అంతా వినపడుతుంది. నూకరత్నంగారు ఆయన్ని ఒక్క మాట అనలేదు. వేళకి తిండి, వేళకి మందు, వేళకి సంచి. ఒకప్పుడు సంచి లోంచి వార్తలు చదివి వినిపించేవారు కదా, ఇప్పుడు అక్షరాలు కనిపించాయో లేదో తనలో తానే చూసుకుంటున్నారు. తలుపులు మూస్తారు, ఫ్యాను ఆపుతారు. తూచే ముందు మాత్రం కొత్తగా ఒక పని చేస్తారు. అలమరలోంచి ఉప్పు ప్యాకెట్టు తీసి కొత్త కాటాకి తగిలిస్తారు. ముల్లు నిలిచేదాకా చూస్తారు. తర్వాతే సంచి తగిలిస్తారు.

మొదటిరోజు ఆయన అన్నారు. "కొత్తదే కదే అది. ఆ పాప తెచ్చింది. మళ్ళీ ఉప్పెందుకు?"

ఆవిడ ప్యాకెట్టు కొక్కానికి తగిలించారు. ఆయన మళ్ళీ అడగలేదు.

రోజుకి నాలుగుసార్లు ఉప్పు ప్యాకెట్టు కొక్కానికి తగిలిన చప్పుడు వినపడగానే, మంచం మీద ఆయన ఊపిరి ఆగిపోతుంది. కొత్త కాటా ఎప్పుడూ తప్పు చూపించలేదు. అయినా ప్రతిసారీ ఆయన అలాగే బిగుసుకుపోయి, ఆవిడ "కిలో" అనేదాకా ఎదురుచూస్తూ ఉంటారు.